డ్రమ్ములో దిద్దాలా, ట్యాంకులో దిద్దాలా

చిత్తూరు

చిరంజీవి కార్తీక్‌కు,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజీ చదివాను. పగడాల ట్యాంకు కోసం కొత్త ఉప్పు సంచి విప్పి డ్రమ్ములో నీళ్లకు కలిపితే క్షారత, అంటే నీటిలోని బైకార్బొనేటు వగైరాల లెక్క, 11 డీకేహెచ్ (దాన్ని కొలిచే డిగ్రీలు) వచ్చిందనీ, ట్యాంకులో మాత్రం 8 ఉందనీ, ఆదివారం నీళ్లు మార్చేలోగా యాసిడ్ తెచ్చి కొత్త నీటిని 8కి దించాలా అనీ అడిగావు. ఫోనులో చెప్తే లెక్కలు గుర్తుండవు. కాగితం మీదైతే డ్రమ్ము పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు. అందుకని తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నకు జవాబు. ఈ ఆదివారానికి యాసిడ్ అక్కర్లేదు.

లెక్క చూడు. రాళ్లు, ఇసుక పోను నీ ట్యాంకులో నికరంగా 200 లీటర్ల నీళ్లు ఉన్నాయనుకుందాం. అందులో 20 తీసి 20 పోస్తావు. ఉండిపోయిన 180 లీటర్లు 8 దగ్గర, వచ్చి చేరిన 20 లీటర్లు 11 దగ్గర. అంతా కలిస్తే ట్యాంకు 8.3 దగ్గర నిలుస్తుంది. గంగాళం నిండా చన్నీళ్లుంటే చెంబెడు వేడినీళ్లు పోసినందువల్ల ఎంత మార్పు వస్తుందో ఇదీ అంతే. ఎంత శాతం నీళ్లు మారుస్తున్నావో దాన్ని రెండు నీళ్ల మధ్య తేడాతో గుణించు. ట్యాంకులో ఎంత మార్పు వస్తుందో తేలిపోతుంది. తేడా 3 డిగ్రీలు, మార్చేది 10 శాతం అయితే 0.3. మార్చేది 25 శాతం అయితే 0.75. సగం నీళ్లు మారిస్తే 1.5.

ఈ 0.3 అనేది ఒక చుక్కకు ఒక డిగ్రీ చూపించే క్షారత పరీక్ష కిట్టులో కనబడనే కనబడదు. గట్టి పగడాలు బాగా పెరుగుతున్న ట్యాంకయితే అవి దాన్ని ఒక్క రోజులోనే వాడేసుకుంటాయి. దానికోసం ఇంట్లోకి యాసిడ్ సీసా తేవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

నేను పాటించే పద్ధతి చెప్తాను. నీళ్లు మార్చినందువల్ల ట్యాంకులో మార్పు అర డిగ్రీ లోపే ఉంటుందని లెక్క తేలితే కొత్త నీటిని ఉన్నదున్నట్టు పోసేస్తాను. అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వరకూ ఉంటే మార్చాల్సిన నీటిని రెండు మూడు రోజులకు విడదీస్తాను. ఒక డిగ్రీ దాటేటట్టయితేనే డ్రమ్ములో క్షారతను దిద్దుతాను. సగం ట్యాంకు ఖాళీ చేయాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు. ట్యాంకులో ఏదైనా చచ్చి కుళ్లినప్పుడో, ఇనుప ముక్కో రాగి తీగో పడినప్పుడో వస్తుంది. అలాంటి రోజున మాత్రం కొత్త నీటిని ట్యాంకుకు సమానం చేసి పోయడం తప్పనిసరి. ఎందుకంటే అప్పటికే నీరసించి ఉన్న పగడాల మీద ఒక గంటలో డిగ్రీన్నర మార్పు పడకూడదు. నైట్రేటు, ఫాస్ఫేటు బాగా తక్కువగా ఉన్న ట్యాంకుల్లో క్షారత ఎక్కువైతే అక్రోపోరా వంటి కొమ్మల పగడాల కొసలు తెల్లబడి మాడినట్టు అవుతాయి. నీ దగ్గర ఎక్కువగా ఉన్నవి మెత్తటి పగడాలు, జోయాంథస్‌లు. అవి ఇంత సున్నితం కావు. నీ దగ్గరున్న ఆ రెండు గట్టి పగడాల కోసమే ఈ జాగ్రత్తంతా.

ఇంతకీ, నీకు వచ్చిన 11 నిజంగా 11 అవునా? డ్రమ్ములో ఏది దిద్దాలన్నా ముందు ఇది తేలాలి. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే, జనం తొందరపడేదీ ఇక్కడే.

మొదట నీళ్లు. తిరుపతికి కొంత కల్యాణి డ్యాము నీరు, కొంత తెలుగుగంగ నీరు వస్తాయి. అపార్టుమెంట్లలో బోరు నీళ్లు కూడా వాటిలో కలిపేస్తారు. మీ సంపులోకి ఏ రోజు ఏ నీళ్లు ఎంత చేరుతున్నాయో మీ వాచ్‌మన్‌కు కూడా తెలియకపోవచ్చు. మన వైపు బోరు నీటిలో బైకార్బొనేటు దండిగా ఉంటుంది. గిన్నెల అడుగున పట్టే తెల్లటి గార అదే. ఆ నీరు ఉప్పులో కలిస్తే కంపెనీ వాళ్లు సంచి మీద అచ్చువేసిన అంకెకు పైన నీ బోరు క్షారత కూడా వచ్చి కూర్చుంటుంది. నువ్వు వంటింటి ఆర్వో నీళ్లు వాడుతున్నానన్నావు. వంటింటి మెషిన్లలో చాలావాటికి టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తం, సర్దే చిన్న మర ఒకటి ఉంటుంది. తాగే నీరు మరీ చప్పగా ఉండకూడదని వడగట్టిన నీటిలో కొంత పచ్చి నీటిని తిరిగి కలపడం దాని పని. తాగడానికి అది మంచిదే, పగడాలకు మాత్రం కాదు. దాన్ని పూర్తిగా మూసెయ్యి, లేకపోతే మెంబ్రేన్ నుంచి నేరుగా నీళ్లు పట్టుకో. దాని తరవాత, మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి పెట్టుకుంటే టీడీఎస్ సున్నాకు వస్తుంది.

నీ క్షారత కిట్టుతోనే ఈ మంచినీటిని ఒకసారి పరీక్షించు. ఉప్పు కలపకముందే. నీరు శుద్ధమైతే మొదటి చుక్కకే రంగు తిరిగిపోవాలి. రెండు మూడు చుక్కలు పట్టిందంటే ఆ రెండు మూడు డిగ్రీలు నీ కుళాయి నుంచి వచ్చినవే, వాటిలో ఉప్పు తప్పేమీ లేదు. లీటరుకు 18 మిల్లీగ్రాముల క్షారత, అంటే కాల్షియం కార్బొనేటు లెక్కలో, ఒక డిగ్రీతో సమానం. మీ ఆర్వో నీటిలో టీడీఎస్ 60 చూపిస్తోందంటే అందులో రెండు డిగ్రీలు దాగి ఉండటం ఏమంత వింత కాదు.

తరవాత ఉప్పు చిక్కదనం. క్షారత, కాల్షియం, మెగ్నీషియం అన్నీ ఉప్పుతోబాటే వస్తాయి కాబట్టి ఉప్పు ఎక్కువైతే అవీ ఎక్కువవుతాయి. సాలినిటీ 35 ఉండాల్సిన చోట 38 ఉంటే క్షారత కూడా ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది, 10 కాస్తా 11 దగ్గరికి వస్తుంది. సాలినిటీ కొలిచే నీ రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీటితో సున్నాకు సరిచేసి వదిలేస్తే చాలదు. 35 సాలినిటీ ప్రామాణిక ద్రావణం చిన్న సీసాలో అమ్ముతారు, దానితో సరిచూసుకో. కొలిచే నీరు, పరికరం రెండూ గది వేడిమికి వచ్చాకే చూడు.

ఉప్పు సంచి సంగతి. అందులోని పొడులన్నీ ఒకే బరువువి కావు, ఒకే పరిమాణంవి కావు. లారీలో కుదుపులకు సన్నవి కిందికి, దొడ్డువి పైకి చేరతాయి. సంచిని విప్పకముందే నేల మీద అటూ ఇటూ బాగా దొర్లించాలి. మనకు నవంబరు వానల్లో గాలి నిండా తేమ. మూతి కట్టకుండా వదిలేసిన సంచిలో ఉప్పు గడ్డ కడుతుంది. తేమ తగిలిన గడ్డల్లో కాల్షియం, కార్బొనేటు అక్కడికక్కడే కలుసుకుని సున్నపురాయి పొడిగా మారిపోతాయి. అలాంటి ఉప్పు ఎంతసేపు తిప్పినా నీరు పాలు కలిసినట్టే ఉంటుంది, క్షారత తక్కువ చూపిస్తుంది. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి పెట్టుకో. మీ ఇంట్లో బియ్యం డబ్బా లాంటిదే మరొకటి కొను.

కలిపే పద్ధతి కూడా చెప్పేస్తాను. ముందు నీళ్లు, తరవాత ఉప్పు. ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. అలా పోస్తే అడుగున చిక్కటి ఉప్పునీరు ఏర్పడి అందులోనే కాల్షియం కార్బొనేటు విరిగి తెల్లటి పొడిగా విడిపోతుంది. డ్రమ్ములో పవర్‌హెడ్, అదే నీటిని తిప్పే చిన్న పంపు, తిరుగుతుండగా ఉప్పును కొంచెం కొంచెంగా చల్లాలి. నీరు తేటపడ్డాక కూడా మరికొన్ని గంటలు ఆగి అప్పుడు కొలువు. ఈ డ్రమ్మును బాల్కనీలో పెట్టకు. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ 40 దాటుతుంది, డ్రమ్ములో నీళ్లు కాగినట్టవుతాయి. వేడి పెరిగేకొద్దీ కాల్షియం కార్బొనేటు నీటిలో కరిగి ఉండలేదు. చక్కెరకు, ఉప్పుకు ఉన్న గుణం దీనికి లేదు. వేడి నీటిలోనే ముందు విరుగుతుంది. అందుకే హీటరు కడ్డీ మీద మొదట తెల్లటి పొర పడుతుంది. ఎప్పుడైనా దాన్ని గోటితో గీకి, ఆ పొడి మీద ఒక చుక్క వెనిగర్ వేసి చూడు. బుసబుసమని నురగ వస్తే నీ కాల్షియమూ, నీ క్షారతా కలిసి అక్కడ అతుక్కున్నాయని అర్థం.

ఇక కిట్టు. ఇది నీకు సరదాగా కూడా ఉంటుంది, చిన్నప్పుడు నా ల్యాబులో తిరిగినవాడివి కదా. వంట సోడా, అంటే సోడియం బైకార్బొనేటు, 3 గ్రాములు తూచి ఒక లీటరు డీఐ నీటిలో కరిగించు. అది సరిగ్గా 100 డీకేహెచ్ ద్రావణం. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి 900 మిల్లీలీటర్ల డీఐ నీటిలో కలుపు. ఇప్పుడు నీ చేతిలో 10 డీకేహెచ్ నీరు ఉంది. నీ కిట్టు దీన్ని 10 అని చూపించాలి. 11 చూపిస్తే నీ ట్యాంకు 8 కూడా 7.3 దగ్గరే ఉందన్నమాట. ఈ ఒక్క పరీక్షతో తగాదాలు సగం తీరిపోతాయి. నగల దుకాణాల్లో వాడేలాంటి చిన్న తూకం యంత్రం, గ్రాములో నూరో వంతు చూపించేది, ఒకటి కొనుక్కో. ఖరీదు పెద్దగా ఉండదు. చెంచా కొలతల మీద నాకు నమ్మకం లేదు.

కొలిచేటప్పుడు కిటికీ పక్కన, పగటి వెలుతురులో నిలబడు. ట్యూబు వెనక తెల్ల కాగితం పెట్టుకో. చుక్క పడగానే పడిన చోట రంగు మెరిసి, తిప్పగానే మాయమవుతుంది. చివరికి వచ్చేసరికి ఆ మెరుపు మాయం కావడానికి ఆలస్యం అవుతూ ఉంటుంది. నా దగ్గరున్న కిట్టులో నీలి పచ్చ పోయి ఒక్క చుక్క పాటు బూడిద రంగు నిలుస్తుంది, ఆ తరవాతిదానికి గులాబీ వచ్చేస్తుంది. బూడిద దగ్గర ఆపాలా, గులాబీ దగ్గరా అని కిట్టు కాగితంలో రాసి ఉంటుంది. ప్రతిసారీ అదే చోట ఆపడం ముఖ్యం. చుక్క వేసేటప్పుడు సీసాను నిట్టనిలువుగా పట్టుకో. వాలుగా పట్టుకుంటే చుక్క పరిమాణం మారుతుంది.

ఇవన్నీ సరిచూశాక కూడా కొత్త నీరు 11 దగ్గరే ఉందంటే అది ఆ ఉప్పు స్వభావం. కొన్ని కంపెనీలు 7, 8 దగ్గర కలిసే ఉప్పు చేస్తాయి, కొన్ని 11, 12 దగ్గర. సహజ సముద్రజలంలో క్షారత 7కు కాస్త అటూ ఇటూ ఉంటుంది, కాల్షియం లీటరుకు 410 నుంచి 420 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1300 దగ్గర. నీ ట్యాంకును 8 దగ్గర నడపాలని నిర్ణయించుకున్నావు కాబట్టి వచ్చేసారి 8కి దగ్గరగా కలిసే ఉప్పు కొను. నా మాట అడిగితే అతి మంచి దిద్దుబాటు అదే. చేతిలో ఉన్న సంచిని చిన్న చిన్న మార్పిడులతో ఖర్చు చేసెయ్. అన్నట్టు, మీ ఫ్రెండు కల్లుప్పుతో సముద్రపు నీరు చేసుకోవచ్చన్నాడని రాశావు. కుదరదు. ఉప్పు మడుల్లో గట్టిపడేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. మెగ్నీషియం మిగులు ద్రవంలో ఉండిపోతుంది. క్షారతకు అందులో చోటే లేదు.

యాసిడ్ సంగతి కూడా చెప్పాలి. ఎప్పుడైనా సగం ట్యాంకు మార్చాల్సి వచ్చి, చేతిలో ఇదే ఉప్పు ఉంటే నీకు దాని అవసరం పడవచ్చు. దీనికి వాడేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బాత్రూములు కడగడానికి అమ్మే యాసిడ్ పనికిరాదు. అందులో రంగులు, సబ్బులు, ఇనుము ఉంటాయి. కాలేజీలకు రసాయనాలు సరఫరా చేసే షాపుల్లో ఒక నార్మల్ గాఢతకు పలచబరిచిన ఆమ్లం దొరుకుతుంది. అదే తెచ్చుకో. పొగలు కక్కే గాఢ ఆమ్లాన్ని ఫ్లాటులో పెట్టుకోవద్దు. ఆ ఒక నార్మల్ ఆమ్లం 100 లీటర్ల నీటిలో ఒక డిగ్రీ తగ్గించడానికి 36 మిల్లీలీటర్లు పడుతుంది. నీ 40 లీటర్ల డ్రమ్మును 11 నుంచి 8కి దించాలంటే 43 మిల్లీలీటర్లు.

మొత్తం ఒకేసారి పోయకు. ఆ 43 మిల్లీలీటర్లను ఒక లీటరు ఆర్వో నీటిలోకి వంచు. ఎప్పుడూ నీటిలోకి ఆమ్లమే, ఆమ్లంలోకి నీళ్లు కాదు. అందులో సగాన్ని పవర్‌హెడ్ దగ్గర సన్నటి ధారగా పోసి, పావుగంట ఆగి క్షారత కొలువు. లెక్క ప్రకారం తొమ్మిదిన్నర దగ్గర ఉండాలి. ఉంటే మిగతా సగం పొయ్యి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, కిటికీలు తెరిచి ఉండాలి. ఇంకొక్క మాట, దీన్ని మాత్రం మరవొద్దు. డ్రమ్ము కడగడానికి బ్లీచింగ్ వాడే అలవాటు మీకుంది. బ్లీచింగ్ తడి మీద ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణాల మీదికి వస్తుంది. ఆ రెండూ ఒకే రోజు ఒకే చోట ఉండకూడదు.

ఆమ్లం పోసిన వెంటనే పీహెచ్ 7కు, ఇంకా కిందికి కూడా పడిపోతుంది. కంగారు పడకు. ఆమ్లం బైకార్బొనేటును కార్బన్ డయాక్సైడుగా మార్చింది, ఆ వాయువు ఇంకా నీటిలోనే ఉంది. ఎయిర్ పంపు రాయి వేసి ఒక రాత్రంతా బుడగలు రానిస్తే అది గాలిలోకి పోతుంది, పీహెచ్ మళ్లీ 8 పైకి చేరుతుంది. ఆ వాయువు పోయినంత మాత్రాన క్షారత మారదు. కాబట్టి క్షారతను వెంటనే కొలవచ్చు, పీహెచ్ కోసం మాత్రం మర్నాటి దాకా ఆగాలి. ఏసీ వేసి తలుపులు బిగించిన గదిలో జనం పడుకుంటే గదిలోనే కార్బన్ డయాక్సైడు పేరుకుంటుంది, అక్కడ ఎంత గాలి ఊదినా పీహెచ్ పూర్తిగా తేరుకోదు. డ్రమ్మును హాల్లో పెట్టు. పీహెచ్ 8 దాటకముందు ఆ నీటిని ట్యాంకులో పోయకూడదు. కరెంటు పోతే ఎయిర్ పంపు ఆగకుండా ఇన్వర్టర్ ప్లగ్గుకు పెట్టుకో. ట్యాంకులోకి మాత్రం ఆమ్లాన్ని నేరుగా ఎన్నడూ పోయవద్దు. వెనిగరు, నిమ్మ ఉప్పు మేలు కదా అని ఎవరైనా చెప్తే వినకు. వాటివల్ల తగ్గిన క్షారత నిలవదు. ట్యాంకులోని సూక్ష్మజీవులు ఆ ఆమ్లాలను తినేస్తాయి, తగ్గిందంతా మళ్లీ తిరిగొస్తుంది, నీళ్లు తెల్లగా మసకబారడం అదనం.

ఇప్పుడు దీనికి ఎదురు దారి. కొత్త నీరు ట్యాంకు కంటే తక్కువగా ఉంటే పెంచడం. వచ్చే ఉప్పు 7 దగ్గర కలిసేదయితే నీకు ఇదే ఎదురవుతుంది. దీనికి వంట సోడా చాలు. 100 లీటర్లలో ఒక డిగ్రీ పెంచడానికి 3 గ్రాములు. 40 లీటర్లను 7 నుంచి 8.5కి తేవాలంటే 1.8 గ్రాములు. కిరాణా కొట్టులో సీలు వేసిన ప్యాకెట్టు, దాని మీద సోడియం బైకార్బొనేటు అని ఒక్కటే రాసి ఉన్నది కొను. బేకింగ్ పౌడరు తేకు. అందులో పిండి, ఫాస్ఫేటు, ఆమ్ల లవణాలు ఉంటాయి, ఫాస్ఫేటు నాచుకు పండగ. బట్టల సోడా కూడా వద్దు. అది కార్బొనేటే అయినా స్ఫటికాల్లో ఎంత నీరుందో తెలియదు, శుద్ధతా తెలియదు.

సోడాను పొడిగా డ్రమ్ములో చల్లకూడదు. ఒక గ్లాసు ఆర్వో నీటిలో పూర్తిగా కరిగించి, నీటి ప్రవాహం జోరుగా ఉన్న చోట మెల్లగా పొయ్యి. వంట సోడా కొత్త నీటి పీహెచ్‌ను కాసేపు కొద్దిగా తగ్గిస్తుంది, గాలి తగిలితే సర్దుకుంటుంది. డ్రమ్ములో మనకు రాత్రంతా సమయం ఉంది కాబట్టి అక్కడ వంట సోడాయే నాకు నచ్చుతుంది. ట్యాంకులో రోజూ వెయ్యడానికి, అదీ పీహెచ్ తక్కువగా ఉండే ట్యాంకయితే, సోడియం కార్బొనేటు మేలు. అది పీహెచ్‌ను పెంచుతుంది. దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. వంట సోడాను పళ్లెంలో పలచగా పరిచి ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచు. 100 గ్రాములు పెడితే 63 గ్రాములు మిగలాలి. అంతకంటే ఎక్కువ తూగితే ఇంకా కాలలేదన్నమాట, మళ్లీ పెట్టు. ఇది 100 లీటర్లకు ఒక డిగ్రీ పెంచడానికి 1.9 గ్రాములు చాలు.

డ్రమ్ము నీటిని మరీ పైకి ఎత్తవద్దు. కాల్షియం 420, పీహెచ్ 8.3 ఉన్న కొత్త నీటిని 12 దాటించి పైకి తోశావంటే అది పాలలా మారి అడుగున తెల్లటి పొడి దిగవచ్చు. అలా దిగిందంటే, క్షారత పెంచుదామని వేసిన సోడా కాల్షియాన్ని కూడా వెంటబెట్టుకుని కింద కూర్చుంటుంది. పొడి దిగిన నీటిని మళ్లీ సరిచేయాలని చూడకు, పారబోసెయ్.

ఇక్కడే నీకు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఉంది. చాలామంది ట్యాంకులో క్షారత పడిపోతోందని కొత్త నీటిని బాగా ఎక్కువ క్షారతతో చేసి, వారానికోసారి పోసి, దానితో ట్యాంకును ఎత్తాలని చూస్తారు. అది జరిగే పని కాదు. నువ్వే గుణించి చూడు. ట్యాంకు 7కు పడిందనుకో, 10 శాతం నీళ్లు మార్చి దాన్ని 8కి తేవాలంటే కొత్త నీరు 17 డీకేహెచ్ ఉండాలి. ఆ నీరు డ్రమ్ములోనే విరిగిపోతుంది. ఒకవేళ పోయగలిగినా ఆదివారం ఎక్కి శనివారానికి దిగే ఊగులాటే మిగులుతుంది. పగడాలకు 7.5 అయినా సరే, 9 అయినా సరే, నిలకడగా ఉంటే చాలు. ఊగులాటే వాటికి పడదు. ట్యాంకు రోజూ తినేదాన్ని రోజూ ట్యాంకులోనే ఇవ్వాలి. డ్రమ్ము పని వేరు. అది కొద్ది కొద్దిగా కావలసిన లవణాల లోటును తీరుస్తుంది, చెత్తను పలచబరుస్తుంది.

రోజూ ఎంత తింటోందో కనుక్కోవడం తేలిక. ఏమీ వెయ్యకుండా వరసగా రెండు రోజులు ఒకే వేళకు కొలువు. తేడాయే నీ రోజు ఖర్చు. 200 లీటర్లలో 0.4 పడిందంటే రోజుకు 2.4 గ్రాముల వంట సోడా. ఆ వేళ సంగతి కూడా విను. లైట్లు వెలుగుతున్నంతసేపూ పగడాలు క్షారతను ఎక్కువగా తింటాయి. పొద్దున ఒకరోజు, రాత్రి మరోరోజు కొలిస్తే లెక్క తప్పుతుంది. ట్యాంకులో ఎప్పుడు పెంచినా రోజుకు ఒక డిగ్రీ మించకూడదు.

క్షారత ముందు పడుతుంది, కాల్షియం మాత్రం కదలనట్టే ఉంటుంది, ఎందుకని ఇదివరకు అడిగావు. పగడం తన అస్థిపంజరానికి రెండింటినీ జంటగానే వాడుకుంటుంది. 2.8 డిగ్రీల క్షారత తింటే దానితో లీటరుకు 20 మిల్లీగ్రాముల కాల్షియం పోతుంది. 8లో 2.8 అంటే మూడో వంతు పైమాట, 420లో 20 అంటే ఐదు శాతం కూడా లేదు. ఖర్చు సమానమే, నిల్వల్లోనే తేడా. అందుకే కాల్షియాన్ని అప్పుడప్పుడు చూసినా సరిపోతుంది గానీ క్షారతను తరచుగా చూడాలి.

పగడాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చెన్నై కొళత్తూరు రంగు చేపల సంతకు వెళ్లినప్పుడు కొత్త ముక్కలేవైనా కొందామనుకుంటే దిగుమతి కాగితాలు అడిగి తీసుకో. మన సముద్రాల గట్టి పగడాలన్నిటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. సముద్రం నుంచి విరిచి తెచ్చిన ముక్క ఎంత అందంగా ఉన్నా మన ఇంటికి రాకూడదు. ఆ చట్టం లేకపోయినా నేను నీకు ఇదే చెప్పేదాన్ని.

ఆదివారం ఇలా చెయ్యి. కొత్త నీటి వేడిమి, సాలినిటీ ట్యాంకుతో సమానంగా ఉన్నాయో లేదో చూడు. 11ను అలాగే ఉండనివ్వు. 20 లీటర్లు మార్చు. సోమవారం కొలిచేదాకా ట్యాంకులో సోడా మోతాదు ఆపు. సాయంత్రం ఒకసారి, సోమవారం అదే వేళకు మరోసారి ట్యాంకు క్షారత కొలిచి రెండు అంకెలూ నాకు పంపు. దానితోబాటు ఆర్వో నీటికి ఎన్ని చుక్కలు పట్టిందో, 10 డీకేహెచ్ ద్రావణానికి నీ కిట్టు ఎంత చూపించిందో కూడా రాయి. అవి చేతికి వస్తే నీ సోడా మోతాదు లెక్క వేసి పంపిస్తాను. ఒక నార్మల్ ఆమ్లం దొరికే షాపు మీ దగ్గర ఎక్కడుందో మీ అమ్మకు తెలుసు, అవసరమైతే తనను అడుగు.

ఇట్లు
మీ పెద్దమ్మ